రెండు నదులు కలిసేచోట: సెయింట్ లూయిస్ నగర కథ

(సంఘ ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠం)

 

ప్రతి ఉగాదికీ మన సంఘంలో ఎవరో ఒకరు ఏదో ఒక విషయం మీద నాలుగు మాటలు చెప్పడం ఆచారంగా వస్తున్నది. ఈసారి ఆ భారం కార్యదర్శిగారు నా నెత్తిన పెట్టారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఫైళ్ళు చూసుకునేవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన దారినే, అంటే రైలుదారినే, మిమ్మల్నొక ఊరికి తీసుకువెడతాను. అది అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న సెయింట్ లూయిస్. ఆ ఊరు నేను కళ్ళారా చూడలేదు. మా పిన్నిగారి అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తూ ఫోటోలు పంపుతుంటాడు, ఫోనులో కబుర్లు చెబుతుంటాడు. ఆ ఊరి వంతెనను గురించి చదవడం మొదలుపెట్టి, క్రమంగా ఊరిని గురించే నాలుగైదు పుస్తకాలు చదివాను. ఆ సారం మీకు మనవి చేస్తాను.

అమెరికా అనగానే న్యూయార్కు, చికాగో గుర్తుకు వస్తాయి. ఈ ఊరెందుకయ్యా అని మీరడగవచ్చు. కారణాలు మూడు. అది నది పెంచిన ఊరు. రైలు ఆ ఊరి రాతను మార్చింది. అన్నిటినీ మించి, అది ఎక్కడెక్కడినుంచో వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. తూర్పుతీరపు రైలుమార్గం వేసిన 1890ల నాటినుంచీ మన పెద్దలు పనులు వెతుక్కుంటూ ఈ ఒడిశా గడ్డకు చేరారు. కాబట్టి వలసవాళ్ళ ఊరి కథ మనకు పరాయి కథ కాదు.

ముందు స్థలాన్ని గురించి చెబుతాను. పడమటి కొండలనుంచి వచ్చే మిసోరీ నది, ఉత్తరాన్నుంచి వచ్చే మిసిసిపీలో కలుస్తుంది. ఆ సంగమానికి కొద్ది మైళ్ళ దిగువన, పడమటి గట్టున, వరద అందనంత ఎత్తుగా ఒక సున్నపురాతి దిన్నె ఉండేది. మహానదికీ కాఠజోడికీ మధ్య రాతికట్ట వేసుకుని బతికిన కటకాన్ని చూసినవాళ్ళకు ఆ దిన్నె విలువ వేరే చెప్పనక్కరలేదు. పియేర్ లక్లీడ్ అనే ఫ్రెంచి వర్తకుడు 1763 చివర ఆ చోటు చూసి, చెట్లకు గుర్తులు పెట్టి వెళ్ళాడు. మర్నాడు సంవత్సరం ఫిబ్రవరిలో సుమారు ముప్పైమంది పనివాళ్ళనిచ్చి ఊరు కట్టడానికి పంపింది ఎవరిననుకున్నారు? ఆగస్ట్ షూటో అనే కుర్రవాణ్ణి. అప్పటికి వాడికి పధ్నాలుగేళ్ళు దాటలేదు! ఆదివాసులు తెచ్చే జంతుచర్మాలు కొని, పడవలమీద దిగువకు పంపడం ఆ ఊరి మొదటి వ్యాపారం. తమ దేశపు పూర్వరాజు, పుణ్యాత్ముడని పేరుపొందిన తొమ్మిదవ లూయీ పేరు ఊరికి పెట్టుకున్నారు.

ఇక్కడొక విచిత్రం ఉన్నది. వాళ్ళు ఫ్రాన్సు గడ్డమీద ఊరు కడుతున్నామనుకున్నారు. ఫ్రాన్సు రాజు ఆ ప్రాంతాన్ని 1762లోనే రహస్యంగా స్పెయిన్‌కు ఇచ్చేశాడు. కబురు సముద్రం దాటి వచ్చేసరికి ఊరు లేచింది! తరువాత స్పెయిన్ తిరిగి ఫ్రాన్సుకిచ్చింది. ఫ్రాన్సు 1803లో ఒకటిన్నర కోట్ల డాలర్లకు అమెరికాకు అమ్మేసింది. 1804 మార్చి 9, 10 తేదీలలో ఆ ఊళ్ళో స్పెయిన్ జెండా దించి ఫ్రాన్సు జెండా, అది దించి అమెరికా జెండా ఎగరేశారు. ఒక్క రోజు తేడాలో మూడు దేశాల పౌరులైనవాళ్ళు ప్రపంచంలో ఎందరుంటారు? ఆ ఏడాదే లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు సైనికోద్యోగులు ఆ పక్కనుంచే బయలుదేరి, మిసోరీ వెంట పైకి పోయి, పసిఫిక్ సముద్రందాకా దారి చూసి, 1806 సెప్టెంబరులో అదే ఊరికి తిరిగి వచ్చారు. నాటినుంచీ పడమటికి పోయే ప్రతివాడికీ సెయింట్ లూయిస్ గుమ్మమైంది.

అయితే ఆ గుమ్మం దగ్గర అంతకుముందు ఎవరూ లేరా? ఉన్నారు. నదికి ఆవలి ఒడ్డున కహోకియా అనే చోట, సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కిందట, పదివేలమందికి పైగా జనం ఉన్న మహానగరం ఉండేది. గంపలతో మట్టి మోసి వాళ్ళు కట్టిన దిబ్బలు ఇప్పటికీ ఉన్నవి. అందులో పెద్దది సుమారు 100 అడుగుల ఎత్తు. ఆ చోటును 1982లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. సెయింట్ లూయిస్‌లోనూ అటువంటి దిబ్బలుండేవి. అందుకే ఆ ఊరికి దిబ్బల నగరమని ముద్దుపేరు. కాని ఊరు పెరిగేకొద్దీ వాటిని తవ్వేశారు. అన్నిటికంటె పెద్ద దిబ్బ 1869కల్లా నేలమట్టమైంది. ఆ మట్టి ఎక్కడికి పోయిందో తెలుసునా? రైలుకట్ట పోయడానికి! రైల్వేవాణ్ణి కాబట్టి ఈ మాట చదివినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నది. ఊళ్ళో మిగిలింది దాదాపు ఒక్క దిబ్బే. 2009లో ఒసేజ్ జాతి ఆదివాసులు దానిలో కొంత భాగాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నారు. తాతముత్తాతల గడ్డను కొనుక్కోవలసి రావడం ఎంత వింత!

1817లో తొలి ఆవిరి పడవ ఆ రేవుకు వచ్చింది. తరువాత ముప్పై నలభై ఏళ్ళు పట్టినదంతా బంగారమే. గట్టుపొడుగునా మైలు దూరం పడవలు వరసగా కట్టి ఉండేవట. 1849 మే నెలలో ఒక రాత్రి వైట్ క్లౌడ్ అనే పడవకు నిప్పంటుకున్నది. దాని తాళ్ళు కాలి అది నదిలో కొట్టుకుపోతూ మిగతా పడవలకు అంటించింది. 23 పడవలు, 400లకు పైగా కట్టడాలు బూడిదైనవి. మంట వ్యాపించకుండా ఇళ్ళను మందుపెట్టి పేల్చవలసి వచ్చింది. ఆ పనిలోనే అగ్నిమాపక దళనాయకుడు థామస్ టార్జీ ప్రాణం విడిచాడు. అదే ఏడాది కలరా వచ్చి ఊళ్ళో పదోవంతు జనాన్ని పొట్టన పెట్టుకున్నది. అయినా ఊరు కుంగలేదు. ఈసారి ఇటుకతో, రాతితో, ఇనుముతో కట్టుకున్నారు.

ఊరికి అసలు దెబ్బ నిప్పువల్ల గాక రైలువల్ల తగిలింది. 1856లో మిసిసిపీమీద మొదటి రైలు వంతెన ఎగువన రాక్ ఐలండ్ దగ్గర పడింది. దానితో పడమటి సరుకంతా చికాగోకు మళ్ళడం మొదలైంది. సెయింట్ లూయిస్ పెద్దలు మాత్రం పడవలనే నమ్ముకుని కూర్చున్నారు. ఆవలి ఒడ్డున రైలు దిగినవాడు బల్లకట్టుమీద నది దాటాలి. చలికాలంలో నదిలో మంచుగడ్డలు అడ్డం పడితే రోజుల తరబడి ఆవలే ఉండాలి. కళ్ళు తెరిచి వంతెన తలపెట్టేసరికి 1867 వచ్చింది.

ఆ వంతెన కట్టినవాడి పేరు జేమ్స్ ఈడ్స్. అతని కథ మన పిల్లలందరూ వినదగినది. పదమూడో ఏట తల్లితోబాటు పడవలో ఆ ఊరికి వచ్చాడు. రేవుకు చేరగానే పడవ కాలిపోయి సామానంతా పోయింది. వీధుల్లో ఆపిల్‌పళ్ళమ్మి తల్లికి సాయపడ్డాడు. తరువాత ఒక బట్టలకొట్లో పనికి కుదిరితే, ఆ యజమాని తన పుస్తకాల గది తాళం అతని చేతికిచ్చాడు. రాత్రిళ్ళు అక్కడ చదువుకున్నదే అతని ఇంజనీరింగు కాలేజి. పిమ్మట ఆవిరి పడవమీద గుమాస్తాగా చేరాడు. అవునండీ, గుమాస్తాయే! ఇరవై రెండో ఏట, గాలి నింపిన పెద్ద గంటవంటి పాత్రలో కూర్చుని నది అడుగుకు దిగి, మునిగిపోయిన పడవల సరుకు పైకి తీసే వ్యాపారం పెట్టాడు. మిసిసిపీ అడుగున ఇసుక ఎట్లా కదులుతుందో అతను పుస్తకంలో చదవలేదు. కాళ్ళతో తొక్కి తెలుసుకున్నాడు. అందువల్లనే స్తంభాలను ఇసుకమీద నిలపడానికి ఒప్పుకోలేదు. కింద బండరాయి తగిలేదాకా దించి తీరాలన్నాడు.

దించడం ఎట్లా? మనవైపు వంతెనలకు బావులు దించినట్టే, అడుగు లేని పెద్ద ఇనపగదిని నదిలోకి దించి, నీరు లోపలికి రాకుండా గాలిని బలంగా నింపుతారు. పనివాళ్ళు ఆ గదిలో నిలబడి ఇసుక తవ్విపోస్తుంటే గది దిగుతూ ఉంటుంది. దానిమీద రాతికట్టడం లేస్తూ ఉంటుంది. అట్లా నీటిమట్టానికి 90 అడుగులకు పైగా దిగారు. అక్కడొక కొత్త జబ్బు బయటపడింది. పైకి వచ్చిన పనివాళ్ళు కీళ్ళనొప్పులతో మెలికలు తిరిగిపోయేవారు; కొందరికి కాళ్ళూ చేతులూ పడిపోయేవి. వత్తిడిలో రక్తంలో కరిగిన గాలి, మనిషి ఒక్కసారిగా పైకి వస్తే సోడా బుడ్డి మూత తీసినట్టు బుడగలై పొంగుతుందని ఆనాడు ఎవరికీ తెలియదు. పదిమందికి పైగా ప్రాణాలు పోయినవి. వైద్యం చేస్తున్న డాక్టరు జామినే కూడా స్వయంగా లోపలికి దిగి వచ్చి కొంతకాలం పక్షవాతం పాలైనాడు. పని వేళలు బాగా తగ్గించి, మెల్లగా పైకి తెచ్చే ఏర్పాట్లు చేసిన తరువాత చావులు తగ్గినవి. నేడు మనం రైల్లో కూర్చుని వేరుశనగలు తింటూ నదులు దాటిపోతుంటాం. ఏ వంతెన కిందనైనా ఇటువంటివాళ్ళ ప్రాణాలుంటాయని గుర్తుంచుకోవాలి.

స్తంభాలమీద మూడు ఉక్కు కమానులు. నడిమిది 520 అడుగులు, అటూ ఇటూ ఉన్నవి 502 అడుగులు. అంత పెద్ద వంతెనకు ఉక్కు వాడడం అదే మొదలు. కింద ఆసరాలు పెట్టకుండా, రెండు వైపులనుంచి కమానును గాలిలోకి పెంచుకుంటూ వచ్చి నడిమిన కలపాలి. తీరా 1873 సెప్టెంబరులో కలపబోతే, ఎండకు ఉక్కు సాగి చివరి ముక్క పట్టలేదు. మంచుగడ్డలు కట్టి చల్లార్చి చూశారు, లాభం లేకపోయింది. కాని ఈడ్స్ ముందుచూపుతో మరమీద పొడుగూ పొట్టీ చేయగల ముక్క ఒకటి చేయించి ఉంచాడు. దానితో పని నెరవేరింది. జనం భయం తీర్చడానికి ముందు ఒక ఏనుగును నడిపించారని చెబుతారు. పట్టు లేని నేలమీద ఏనుగు అడుగు పెట్టదని వాళ్ళకూ నమ్మకమేనన్నమాట! పిమ్మట పధ్నాలుగు ఇంజన్లను నడిపి చూశారు. 1874 జూలై 4న వంతెన తెరిచారు. పైన బండ్లు, కింద రైళ్ళు. విచారకరమైన సంగతి ఏమంటే, మరుసటి ఏడే వంతెన కంపెనీ దివాలా తీసింది. ఆవలి రైలు కంపెనీలు వెంటనే తమ బండ్లను దానిమీద నడపలేదు. చికాగో అప్పటికే ముందుకు పోయింది. అయినా వంతెన చెక్కు చెదరలేదు. 1993నుంచి దాని కింది అంతస్తుమీద నగర రైళ్ళు తిరుగుతున్నవి. మా తమ్ముడు ఆ రైలెక్కి వంతెన దాటినప్పుడల్లా నాకు ఫోటో పంపవలసిందే.

ఇక ఆ ఊళ్ళో చూడదగిన స్థలాలు చెబుతాను. మొట్టమొదటిది పాత కోర్టు. గుండ్రని గోపురం ఉన్న అందమైన భవనం. డ్రెడ్ స్కాట్ అనే నీగ్రో బానిస, అతని భార్య హారియట్ తమకు స్వేచ్ఛ ఇప్పించమని 1846లో అక్కడే దావా వేశారు. బానిసత్వం లేని రాష్ట్రంలో కొన్నేళ్ళు ఉన్నాం గనక తాము స్వతంత్రులమన్నది వాళ్ళ వాదం. 1850లో అదే కోర్టులో గెలిచారు. పై కోర్టులో ఓడారు. చివరకు 1857లో దేశపు సుప్రీంకోర్టు, నల్లవాళ్ళు అమెరికా పౌరులే కారని తీర్పు చెప్పింది. ఆ తీర్పు దేశాన్ని అంతర్యుద్ధం వైపు నెట్టిన కారణాలలో ఒకటి. తీర్పు వచ్చిన కొద్ది నెలలకే కొత్త యజమాని స్కాట్ కుటుంబాన్ని విడిచిపెట్టాడు. స్కాట్ మరుసటి ఏడే చనిపోయాడు. పదకొండేళ్ళు కోర్టుచుట్టూ తిరిగి ఏణ్ణర్థం స్వేచ్ఛ అనుభవించాడు. ఆ దంపతుల విగ్రహం 2012నుంచి ఆ కోర్టు ముందే నిలబడి ఉన్నది.

రెండవది యూనియన్ స్టేషను. 1894 సెప్టెంబరు 1న తెరిచారు. కోటవంటి గడియారపు బురుజు, రంగుటద్దాలు, బంగారు పూత పూసిన హాలు. అందులో ఒక కమాను ఉన్నది: ఈ కొసన గోడవైపు తిరిగి గుసగుసలాడితే ఆ కొసన ఉన్నవాడికి స్పష్టంగా వినబడుతుంది. 1940లలో రోజుకు లక్షమంది ప్రయాణికులు అక్కడ ఎక్కి దిగేవారు. తరువాత కార్లు, విమానాలు వచ్చినవి. 1978 అక్టోబరు 31న చివరి రైలు వెళ్ళిపోయింది. ఇప్పుడా భవనం హోటలు. రైళ్ళు నిలిచిన పెద్ద షెడ్డుకింద 2019నుంచి చేపల ప్రదర్శనశాల ఉన్నది. పట్టాలున్నచోట చేపలు ఈదుతున్నవి! రైలువాళ్ళ కుటుంబాలవాళ్ళం, ఈ మాట విని కాసేపు మౌనంగా ఉండవలసిందే. స్టేషను ఎదుట ఒక ఫౌంటెను ఉన్నది. కార్ల్ మిల్లెస్ అనే శిల్పి 1940లో చేసినది. మిసిసిపీని వరుడుగా, మిసోరీని వధువుగా మలిచాడు. మనకు నదులన్నీ ఆడపడుచులే, సముద్రుడే మగడు. వాళ్ళకు నదికి నదితోనే పెళ్ళి. శిల్పాలకు బట్టలు లేవని ఊళ్ళో కొందరు అలజడి చేసేసరికి, పెళ్ళి అనే మాట తీసేసి జలసంగమమని పేరు మార్చారట.

మూడవది ఫారెస్ట్ పార్కు. సుమారు 1,300 ఎకరాలు. 1904లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ ఏటి ఒలింపిక్కులూ ఆ ఊళ్ళోనే జరిగినవి. విద్యుద్దీపాల వెలుగులు చూడడానికి కోటిమందికి పైగా వచ్చారు. అయితే ఫిలిప్పీన్ దీవుల ఆదివాసులను తెచ్చి బొమ్మల కొలువులాగా చూపడం ఆ వేడుకకు అంటిన మచ్చ. ఆనాటి భవనాలలో మిగిలిన చిత్రకళాశాలకు నేటికీ ప్రవేశ రుసుము లేదు, జంతుశాలకూ లేదు. సంసారి నలుగురు పిల్లలతో వెళ్ళి రూపాయి ఖర్చు లేకుండా ఏనుగునూ చూసి రావచ్చు, చిత్రాలనూ చూసి రావచ్చు. ఇది మెచ్చదగిన సంగతి.

నాలుగవది అందరూ ఫోటోల్లో చూసేది, ఉక్కు తోరణం. ఎత్తు 630 అడుగులు, కాళ్ళ మధ్య వెడల్పు 630 అడుగులు. దానికి నమూనా గీసిన ఈరో సారినెన్ ఫిన్లండునుంచి వచ్చిన వలసవాడు. ఆ పోటీలో తండ్రీ కొడుకులిద్దరూ పాల్గొన్నారు. కొడుక్కు రావలసిన తంతి పొరపాటున తండ్రి పేర వచ్చి, ముందు తండ్రికి అభినందనలు జరిగినవట! పని మొదలు కాకుండానే 1961లో సారినెన్ చనిపోయాడు. 1963లో మొదలుపెట్టి, 1965 అక్టోబరు 28న చివరి ముక్క బిగించారు. పదమూడుమంది చనిపోతారని బీమావాళ్ళు లెక్కవేస్తే, ఒక్కరైనా చనిపోలేదు. తొంభై ఏళ్ళ కిందటి వంతెనకూ దీనికీ ఎంత తేడా! మనిషి ప్రాణానికి విలువ కట్టడం మధ్యలో నేర్చుకున్నారన్నమాట. అయితే తోరణపు తోటకోసం ఏటిగట్టున నలభై వీధి చదరాల పాత ఊరిని కూల్చేశారు. షూటో కట్టిన ఊరు ఇప్పుడు ఆ గడ్డి కింద ఉన్నది.

ఈ వైభవమంతా విని ఊరు పచ్చగా ఉన్నదనుకోవద్దు. 1950 జనాభా లెక్కల్లో 8,56,796మంది ఉన్న నగరంలో 2020నాటికి 3,01,578మందే మిగిలారు. 1876లో పన్నుల భారం తప్పుతుందని చుట్టుపక్కల జిల్లానుంచి విడిపోయి నగరం హద్దులు గీసుకున్నది; ఆ హద్దులే తరువాత ఉరితాడైనవి. కలిగినవాళ్ళు హద్దు దాటి వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు, కర్మాగారాలూ వెళ్ళినవి. నల్లవాళ్ళకు ఇళ్ళు అమ్మరాదనే ఒడంబడికలు 1948లో సుప్రీంకోర్టు తీర్పుతో చెల్లకుండా పోయినా, మనస్సుల్లో గోడలు పోలేదు. గోడ కట్టుకుంటే ఊరు భద్రమనుకోవడం ఎంత పొరబాటో ఇది చెబుతుంది. నదికి కట్టిన గోడ మాత్రం ఆదుకున్నది: 1993 ఆగస్టు 1న నీరు 49.58 అడుగులకు లేస్తే, 52 అడుగుల వరదగోడ నగరాన్ని కాపాడింది.

చివరగా అసలు చెప్పదలచిన మాట. ఊరు కట్టిన ఫ్రెంచివాళ్ళ భాష ఏమైంది? షూటో తన ఊరి పుట్టుక కథను ఫ్రెంచిలోనే రాసుకున్నాడు. జెండా మారిన తరువాత కూడా చాలాకాలం ఇళ్ళల్లో ఆ భాష వినిపించింది. కాని కోర్టు భాష, కొట్టు భాష, బడి భాష ఇంగ్లీషైనవి. ఇప్పుడు ఫ్రెంచి మిగిలింది వీధుల పేర్లలోనే. వాటినీ ఫ్రెంచివాడికి అర్థం కాకుండా పలుకుతారు. గ్రావ్వా అనవలసిన వీధిని గ్రావోయ్ అంటారు. తరువాత జర్మనులు వేలకువేలుగా వచ్చారు. 1864నుంచి సర్కారు బడుల్లో జర్మన్ చెప్పించుకున్నారు. 1887లో అది తీసేశారు. వాళ్ళ పత్రిక వెస్ట్‌లిష్ పోస్ట్‌లోనే, బహుమతుల పేరుతో లోకమెరిగిన జోసెఫ్ పులిట్జర్ విలేఖరిగా చేరాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ అంటేనే అనుమానం పుట్టి, 1918లో బెర్లిన్ వీధి పేరు కూడా మార్చేశారు. ఆ పత్రిక 1938లో మూతబడింది.

ఇందులో ఫ్రెంచివాళ్ళనూ, జర్మనులనూ ఎవరూ కొట్టి భాష మాన్పించలేదు. ఇంట్లో తండ్రి మాట్లాడాడు, కొడుకు అర్థం చేసుకున్నాడు, మనమడికి అర్థమూ కాలేదు. మూడు తరాల పని! మన కాలనీలో ఇప్పుడు ఏ తరం నడుస్తున్నదో ఎవరికి వారు లెక్క వేసుకోండి. మా తాతగారు గ్యాంగుపనికి వచ్చినప్పుడు ఆయనకు తెలుగు తప్ప వేరే భాష రాదు. నేను తెలుగు రాస్తాను, ఒడియా మాట్లాడతాను. మా అమ్మాయి తెలుగులో మాట్లాడుతుంది, కాని బండిమీద రాసిన ఊరి పేరు ఒడియాలో చదువుతుంది, ఇంగ్లీషులో చదువుతుంది, తెలుగులో చదవలేదు.

ఒడియా నేర్చుకోవద్దని నేననడం లేదు. అన్నం పెట్టిన నేల భాష నేర్వడం మన ధర్మం. దానికి తోడు మరొకటి నిలుపుకోమని మాత్రమే మనవి. ఆ సెయింట్ లూయిస్‌లోనే 2017లో ఉత్తర అమెరికా తెలుగు సంఘంవారు మహాసభలు జరిపారు. రెండు భాషలు అణగిపోయిన ఊళ్ళో ఆనాడు మన భాష వినబడింది. సభలో వినబడడం సులువు; వంటింట్లో వినబడడం కష్టం, అదే ముఖ్యం.

అందుచేత ఒక ప్రతిపాదన. నేర్పేవాళ్ళు దొరక్క ఆగిపోయిన మన ఆదివారపు తెలుగు బడిని వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఈ హాల్లోనే తిరిగి తెరుద్దాం. పలకలు నేను తెస్తాను, ఓనమాలు నేను దిద్దిస్తాను. పెద్దలు వారానికొకరు వచ్చి, తమ నాన్నగారు ఈ ఊళ్ళో ఏ పనికి దిగారో, మొదట ఏ క్వార్టర్లో ఉన్నారో పిల్లలకు చెప్పాలి. పిల్లలు అది తెలుగులో రాయాలి. మా అమ్మాయి పేరు మొదటిదిగా రాసుకున్నాను. మిగతా పేర్లు ఈ పూట భోజనాలకు లేవబోయేముందు నాకిచ్చి వెళ్ళవలసిందని కోరుతున్నాను.